అడిగితేనే వచ్చే డబ్బు! కెనడాలో వ్యాపారం పెట్టిన మనోళ్లకి ఎంత తెలుసు?

‘అడగందే అమ్మయినా అన్నం పెట్టదు’ అంటారు మనవాళ్లు. కెనడా ప్రభుత్వం విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. చిన్న కంపెనీలకు అక్కడి సర్కారు ఏటా బోలెడంత డబ్బు తిరిగిస్తుంది. కానీ ‘బాబూ, నీకు ఇంత రావాలి’ అని ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. గడువులోగా, సరైన ఫారంలో, లెక్కలు చూపించి అడగాలి. అడగకపోతే అంతే సంగతులు.

బ్రాంప్టన్‌లో ట్రక్కు తోలే తమ్ముడి దగ్గర్నుంచి, వాంకూవర్ పక్కన సర్రేలో యాప్ కడుతున్న ముగ్గురు ఫ్రెండ్స్ దాకా.. కెనడాలో సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టిన తెలుగు కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మా బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఒక పోస్టర్ తిరుగుతుంది. ‘గవర్నమెంట్ గ్రాంట్, తిరిగి కట్టక్కర్లేదు, వెంటనే కాల్ చేయండి’ అని. దాని కింద అదే ప్రశ్న: ‘నిజమేనా మామా?’

సగం నిజం, సగం గ్యాస్. ఏ సగం ఏదో తెలుసుకుంటే చాలు, పనైపోతుంది. నేను అకౌంటెంట్‌ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ని. కాకపోతే ఈ రూల్స్ చదువుతుంటే అచ్చం కోడ్‌లాగే ఉంటాయి. ఈ కండిషన్ నిజమైతే డబ్బొస్తుంది, లేదంటే రాదు. మధ్యలో ‘ప్లీజ్ సార్’ అనే ఆప్షన్ లేదు. ఆ కండిషన్లేంటో ఒక్కొక్కటీ చూద్దాం. (ఇందులో డాలర్లన్నీ కెనడా డాలర్లే.)

ముందు మూడు డబ్బాలు గుర్తుపెట్టుకోండి

సర్కారు నుంచి వచ్చే సొమ్ము మూడు రకాలు. మొదటిది మీరు కట్టిన పన్ను, లేదా పెట్టిన ఖర్చులో కొంత తిరిగి రావడం. అర్హత ఉంటే ఇది మీ హక్కు, ఎవరి దయా కాదు. రెండోది గ్రాంటు లాంటి సాయం. ఇక్కడ అర్హత ఉన్నా ఇవ్వాలని రూలేం లేదు. బడ్జెట్ ఉండాలి, మీ ప్రాజెక్టు వాళ్లకు నచ్చాలి. మూడోది అప్పు. పోస్టర్లలో ‘ఫండింగ్’ అని రాసేవాటిలో చాలావరకు ఈ మూడో డబ్బాలోవే!

మొదటి డబ్బాతో మొదలెడదాం. ఎందుకంటే అసలు డబ్బంతా అక్కడే ఉంది.

‘ష్రెడ్’.. పేరు చిన్నది, చెక్కు పెద్దది

సైంటిఫిక్ రీసెర్చ్ అండ్ ఎక్స్‌పెరిమెంటల్ డెవలప్‌మెంట్. పేరు పలికేలోపు టీ చల్లారిపోతుంది కాబట్టి అక్కడ అందరూ దీన్ని ‘ష్రెడ్’ అంటారు. నడిపేది కెనడా పన్ను శాఖ, అంటే సీఆర్‌ఏ. కొత్త టెక్నాలజీ కోసం మీరు చేసిన ప్రయోగాల ఖర్చులో కొంత శాతం మీకు క్రెడిట్‌గా ఇస్తారు.

ఇందులో అసలు మజా ఏంటంటే, కెనడా నివాసుల చేతిలో ఉన్న ప్రైవేటు కంపెనీకి అర్హత ఉన్న ఖర్చు మీద 35 శాతం ఇస్తారు. అదీ ‘రిఫండబుల్’. మీకు లాభం లేకపోయినా, పన్ను ఒక్క డాలర్ కట్టాల్సిన అవసరం లేకపోయినా నగదుగా బ్యాంకులో పడుతుంది. చాలా ఏళ్లుగా ఈ 35 శాతం ఏడాదికి 30 లక్షల డాలర్ల ఖర్చు దాకా వర్తించేది. 2025 నవంబరు బడ్జెట్‌లో దాన్ని 60 లక్షలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. 2024 డిసెంబరు 16న, ఆ తర్వాత మొదలైన పన్ను సంవత్సరాలకు ఇది.

ఒక లెక్క వేద్దాం. బ్రిటిష్ కొలంబియాలో ఓ చిన్న కంపెనీ. అందులో డెవలపర్ జీతం ఏడాదికి 1,00,000 డాలర్లు. తన టైంలో 60 శాతం ప్రయోగాల పనికే పోయింది అనుకుందాం.

అర్హత ఉన్న జీతం: 60,000.

ఆఫీసు అద్దె, కరెంటు వంటి వాటికి విడివిడిగా బిల్లులు పెట్టకుండా, జీతంలో 55 శాతం కలుపుకొనే ‘ప్రాక్సీ’ పద్ధతి ఉంది. అది 33,000. మొత్తం 93,000.

బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం తన వాటాగా 10 శాతం ఇస్తుంది. అంటే 9,300. దాన్ని తీసేస్తే కేంద్రం లెక్కలోకి వచ్చేది 83,700. అందులో 35 శాతం అంటే 29,295.

రెండూ కలిపి 38,595 డాలర్లు. లక్ష డాలర్ల జీతం మీద! ఇద్దరు ముగ్గురే ఉన్న స్టార్టప్‌కి ఇంకో నాలుగైదు నెలలు ఊపిరి పోసే డబ్బు ఇది.

రాష్ట్రాన్ని బట్టి ఈ వాటా మారుతుంది. ఒంటారియోలో 8 శాతం రిఫండబుల్ క్రెడిట్ ఉంది. అల్బర్టాలో ‘ఇన్నోవేషన్ ఎంప్లాయ్‌మెంట్ గ్రాంట్’ పేరుతో 8 శాతం, ఖర్చు పెంచుకుంటూ పోతే ఆ పెరిగిన దాని మీద 20 శాతం దాకా వస్తుంది. క్యూబెక్‌కి తన సొంత పద్ధతి ఉంది.

ఏది రీసెర్చ్, ఏది రోజువారీ పని?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘మేం సాఫ్ట్‌వేర్ కంపెనీ, మేం చేసేదంతా డెవలప్‌మెంటే కదా’ అనుకుంటారు. కుదరదు. షాపిఫై మీద ఆన్‌లైన్ స్టోర్ పెట్టడం ష్రెడ్ కాదు. డాక్యుమెంటేషన్ చూసి పేమెంట్ గేట్‌వే కలపడం కాదు. బటన్ల రంగులు మార్చడం, మామూలు టెస్టింగ్, బగ్గులు సరిచేయడం, మార్కెట్ సర్వేలు.. ఇవేవీ కావు.

మరేది అవుతుంది? 1998లో ‘నార్త్‌వెస్ట్ హైడ్రాలిక్ కన్సల్టెంట్స్’ కేసులో కెనడా టాక్స్ కోర్టు ఐదు ప్రశ్నలు పెట్టింది. ఇప్పటికీ వాదనలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. మన భాషలో చెప్పాలంటే:

1. మామూలు ఇంజినీరింగ్ తెలివితో తేలని టెక్నికల్ సందేహం ఏదైనా ఎదురైందా?

2. దాన్ని తేల్చడానికి ‘ఇలా చేస్తే ఇలా అవుతుందేమో’ అని ఒక ఊహ పెట్టుకున్నారా?

3. ఆ ఊహను పద్ధతి ప్రకారం ప్రయోగం చేసి పరీక్షించారా?

4. దానివల్ల టెక్నాలజీలో కొత్త విషయం ఏమైనా తెలిసిందా?

5. పని జరుగుతున్నప్పుడే రికార్డులు రాసి పెట్టుకున్నారా?

ఉదాహరణకి, తెలుగు-ఇంగ్లిష్ కలగలిపి మాట్లాడే కాల్స్‌ని పాత ఫోన్‌లోనే, నెట్ లేకుండా, అప్పటికప్పుడు టెక్స్ట్‌గా మార్చాలనుకున్నారు. దొరికే మోడళ్లన్నీ ప్రయత్నించారు, కావాల్సిన వేగం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ స్పష్టంగా తెలీదు. మీరు మూడు రకాల పద్ధతులు కట్టి, కొలిచి, రెండు పారేశారు. ఇలాంటి పనికి అర్హత వచ్చే అవకాశం ఉంది. ఆ మూడోది కూడా ఫెయిలైతే? అయినా సరే! ‘ఈ దారి పనిచేయదు, ఇదిగో కారణం’ అని తేల్చడం కూడా జ్ఞానమే. సక్సెస్ అయిందా లేదా అన్నది ష్రెడ్‌కి ముఖ్యం కాదు. ఎలా తేల్చారన్నదే ముఖ్యం.

ఐదో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాది చివర్లో కూర్చుని గుర్తుతెచ్చుకుని రాసిన కథకీ, పని జరిగిన రోజునే పడ్డ ఆధారానికీ చాలా తేడా ఉంటుంది. అదృష్టం ఏంటంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ ఆధారం సగం దానంతటదే తయారవుతుంది. గిట్ కమిట్లు, జిరా టికెట్లు, టెస్టుల ఫలితాలు, స్లాక్ చర్చలు.. అన్నిటి మీదా తేదీ ఉంటుంది. కమిట్ మెసేజ్‌లో ‘ఫిక్స్‌డ్’ అని ఒక్క ముక్క రాసే బదులు, ‘ఫలానా పద్ధతి ఎందుకు వదిలేశాం’ అని రెండు లైన్లు రాస్తే అదే రేపు సాక్ష్యం.

దరఖాస్తు ఫారం పేరు టీ661. అందులో టెక్నికల్ కథ రాయడానికి ఇచ్చేది మూడే పెట్టెలు. సందేహం ఏంటో చెప్పడానికి 350 పదాలు, ఏం పని చేశారో చెప్పడానికి 700, ఏం తెలుసుకున్నారో చెప్పడానికి 350. అంతే. ‘ప్రపంచంలోనే మొదటి’, ‘విప్లవాత్మక’ లాంటి మార్కెటింగ్ మాటలకి అక్కడ చోటు లేదు, విలువా లేదు. చదివేది టెక్నికల్ చదువున్న అధికారే.

మనోళ్లు ఎక్కువగా జారే నాలుగు చోట్లు

ఒకటి, హైదరాబాద్ టీం. ఖర్చు తగ్గుతుందని కోడింగ్ అంతా హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేయించి, కంపెనీ మాత్రం టొరంటోలో పెడతారు. ష్రెడ్ రూల్ స్పష్టం: పని కెనడాలో జరగాలి. మాదాపూర్‌లో రాసిన కోడ్‌కి కట్టిన బిల్లు ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. కెనడాలోనే ఉన్న బయటి కాంట్రాక్టర్‌కి ఇచ్చింది మాత్రం 80 శాతం దాకా లెక్కలోకి వస్తుంది.

రెండు, కంపెనీ ఎవరి చేతిలో ఉంది? 35 శాతం కావాలంటే కంట్రోల్ కెనడాలో నివసించేవాళ్ల దగ్గరే ఉండాలి. ఇండియాలో ఉన్న మాతృసంస్థకి 51 శాతం వాటా ఇచ్చేశారంటే కథ మారిపోతుంది. 35 కాస్తా 15 శాతం అవుతుంది. అదీ నగదుగా రాదు, మీరు కట్టే పన్నులో సర్దుకోవాలి. లాభాల్లేని స్టార్టప్‌కి దాంతో ఇప్పటికిప్పుడు ఒరిగేదేం లేదు. 20 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి వాడుకోవచ్చు, అంతే. గమనించండి, ఇక్కడ చూసేది పన్ను చట్టం ప్రకారం నివాసాన్ని, పౌరసత్వాన్ని కాదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నా, పన్ను లెక్కల్లో కెనడా నివాసి అయితే ఈ కండిషన్‌కి సరిపోతారు.

మూడు, ఫౌండర్ జీతం. ‘నేను జీతం తీసుకోను, డివిడెండ్ తీసుకుంటా, పన్ను తక్కువ’ అని చాలామంది ప్లాన్. డివిడెండ్ జీతం కాదు కాబట్టి ష్రెడ్ లెక్కలోకి రాదు. జీతమే తీసుకోకుండా రాత్రింబవళ్లు కష్టపడ్డారా? ఆ చెమటకీ విలువ కట్టరు. జీతం రాసుకుని చెల్లించకుండా వదిలేసినా ఇబ్బందే. పన్ను సంవత్సరం ముగిసిన 180 రోజుల్లోగా ఇవ్వకపోతే ఆ ఏడాది లెక్కలోంచి పోతుంది. కాబట్టి జీతమా, డివిడెండా అన్నది తేల్చేముందు ష్రెడ్ లెక్క కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

నాలుగు, గడువు. కంపెనీలకి ఆర్థిక సంవత్సరం ముగిసిన 18 నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. 2024 డిసెంబరు 31తో ఏడాది ముగిస్తే, చివరి తేదీ 2026 జూన్ 30. జులై 1న వేస్తే? లేదు. ఒంట్లో బాగాలేదన్నా, అకౌంటెంట్ ఊరెళ్లాడన్నా లాభం లేదు. గడువు పొడిగించే అధికారమే పన్ను శాఖకి లేదు. పై లెక్కలోని 38,595 డాలర్లు ఒక్క రోజులో గాలికి పోతాయి.

కమీషన్ ఏజెంట్లతో జాగ్రత్త

ష్రెడ్ క్లెయిములు రాసిపెట్టే కన్సల్టెంట్లు ఉంటారు. మంచివాళ్లూ ఉన్నారు. కొందరు గంటల లెక్కన తీసుకుంటారు, కొందరు వచ్చినదాంట్లో శాతం అడుగుతారు. 20 శాతం అనుకుంటే 38,595లో 7,719 డాలర్లు వాళ్లకే. శాతం మీద పనిచేసేవాడికి క్లెయిమ్ ఎంత పెద్దదైతే అంత లాభం. ఆ అత్యాశలో మామూలు పనిని కూడా ‘ప్రయోగం’ అని రాసేస్తే, రేపు అధికారి ముందు కూర్చోవాల్సింది మీరే. సంతకం మీదే కదా.

అందుకే టీ661లో ఎవరు రాసిపెట్టారు, ఎంత ఫీజు అన్నది చెప్పే భాగం ఉంది. ఆ వివరాలు ఇవ్వకపోతే 1,000 డాలర్ల జరిమానా. కావాలనో, మరీ నిర్లక్ష్యంగానో తప్పుడు లెక్క ఇచ్చినట్టు తేలితే, ఎక్కువ చేసి చూపిన దాంట్లో సగం దాకా జరిమానా పడుతుంది. తీసుకున్న డబ్బు వడ్డీతో సహా వెనక్కి కట్టడం దానికి అదనం.

ప్రభుత్వాలు ఇంత గట్టిగా ఉండటానికి పాత గాయం కూడా ఒక కారణం. 1983లో కెనడా ఇలాంటిదే ఒక రీసెర్చ్ క్రెడిట్ పథకం పెట్టింది. పని జరగకముందే క్రెడిట్‌ని అమ్ముకునే వీలు కల్పించింది. ఇంకేముంది, రీసెర్చ్ చేయకుండానే డబ్బులు చేతులు మారాయి. ఖజానాకి వందల కోట్ల డాలర్ల బొక్క పడింది. 1984లోనే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ‘ముందు పని, తర్వాత ఆధారం, ఆ తర్వాతే డబ్బు’.

మొదటిసారి క్లెయిమ్ చేసేవాళ్లకి సీఆర్‌ఏ ఉచితంగానే సలహా ఇస్తుంది. ఏజెంట్‌కి ఫోన్ కొట్టేముందు ఆ ఫ్రీ సలహా తీసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి ప్రాజెక్టు టెక్నికల్‌గా పనికొస్తుందో లేదో క్లెయిమ్‌కి ముందే తేల్చే ఏర్పాటు చేస్తామని కూడా 2025 బడ్జెట్‌లో చెప్పారు.

ఫ్రీలాన్సర్లూ, ఈ పన్ను మీదే!

ష్రెడ్ మాకు సెట్ కాదు అనేవాళ్లకి ఇది. జీఎస్టీ మనకి కొత్తేం కాదు. కెనడాలో కేంద్రం జీఎస్టీ 5 శాతం. ఒంటారియో లాంటి చోట్ల రాష్ట్ర పన్ను కూడా కలిపి హెచ్‌ఎస్టీ పేరుతో 13 శాతం. వరుసగా నాలుగు త్రైమాసికాల్లో అమ్మకాలు 30,000 డాలర్లు దాటితే రిజిస్టర్ కావాల్సిందే. దాటకపోతే మీ ఇష్టం.

ఆ ‘మీ ఇష్టం’ దగ్గరే డబ్బుంది. మిసిసాగాలో కూర్చుని అమెరికా క్లయింటుకి కోడ్ రాసే ఫ్రీలాన్సర్‌ని తీసుకోండి. ఇలాంటి ఎగుమతి సేవల మీద సాధారణంగా పన్ను రేటు సున్నా. క్లయింటు దగ్గర పైసా వసూలు చేయక్కర్లేదు. కానీ తను 2,000 డాలర్ల లాప్‌టాప్ కొన్నప్పుడు 260 డాలర్లు హెచ్‌ఎస్టీ కట్టాడు. సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, కో-వర్కింగ్ సీటు, అకౌంటెంట్ ఫీజు.. అన్నిటి మీదా కట్టాడు. రిజిస్టర్ అయి ఉంటే వ్యాపారానికి వాడిన మేరకు అదంతా ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. రిజిస్టర్ కాకపోతే రాదు.

ఒకసారి మర్చిపోయినా కంగారు లేదు. చాలామంది చిన్న వ్యాపారులకి నాలుగేళ్ల దాకా పాత క్రెడిట్ అడిగే వీలుంది. బిల్లు మాత్రం ఉండాలి. క్లయింటుతో తిన్న భోజనం మీద సగమే వస్తుంది. వారాంతం ఇంట్లో బిర్యానీ పార్టీ బిల్లు పెట్టకండి, అది వ్యాపారం కాదు!

ఉబర్ లాంటి రైడ్ యాప్‌లో కారు నడిపేవాళ్లకి 30,000 మినహాయింపు లేదు. మొదటి ట్రిప్పు నుంచే రిజిస్టర్ అయి ఉండాలి. కేవలం ఫుడ్ డెలివరీ చేసేవాళ్లకి మాత్రం మామూలు పరిమితే. పార్ట్‌టైంగా కారు తిప్పే స్టూడెంట్లకి ఈ తేడా తెలీక తర్వాత పాత పన్ను మొత్తం ఒకేసారి మీద పడుతుంది.

ఇన్‌కార్పొరేట్ అయిన ఐటీ కాంట్రాక్టర్లకి ఇంకో హెచ్చరిక. కంపెనీ పేరు మీదే అయినా, ఒకే క్లయింటు దగ్గర, వాళ్ల టైమింగ్స్‌లో, వాళ్ల మేనేజర్ కింద ఉద్యోగిలాగే పనిచేస్తుంటే, పన్ను శాఖ మిమ్మల్ని ‘పర్సనల్ సర్వీసెస్ బిజినెస్’ అనొచ్చు. అప్పుడు చిన్న వ్యాపారాలకిచ్చే 9 శాతం కేంద్ర పన్ను రేటు పోయి 33 శాతం పడుతుంది. ఖర్చులు చూపించుకునే వీలు కూడా దాదాపు పోతుంది. రికవరీ సంగతి దేవుడెరుగు, ముందు చేతిలోది పోకుండా చూసుకోవాలి.

నష్టం వచ్చినా పనికొస్తుంది

వ్యాపారం అన్నాక నష్టం వస్తుంది. కెనడాలో ఆ నష్టానికీ విలువ ఉంది. ఈ ఏడాది వ్యాపార నష్టాన్ని వెనక్కి మూడేళ్లు, ముందుకి 20 ఏళ్లు జరపొచ్చు. కంపెనీకి రెండేళ్ల కిందట 60,000 లాభం వచ్చి 9 శాతం చొప్పున కేంద్ర పన్ను కట్టారు. ఈ ఏడాది 40,000 నష్టం. దాన్ని ఆ పాత ఏడాదికి జరిపితే 3,600 డాలర్ల కేంద్ర పన్ను తిరిగొస్తుంది. రాష్ట్రం వాటా వేరే. దీన్నీ మీరే అడగాలి.

ఇంకోటి. మనలో ఇది మామూలే కదా, ఫ్రెండ్ రెస్టారెంట్ పెడుతున్నాడని తలా 20,000 వేస్తాం. రెండేళ్లకి అది మూతపడుతుంది. ఫ్రెండ్‌షిప్ పోకుండా ఉండాలని ఎవరూ నోరెత్తరు. కానీ ఆ డబ్బుకి కంపెనీ షేర్లు తీసుకుని, అది చట్టం చెప్పే ‘చిన్న వ్యాపార కంపెనీ’ కిందికొచ్చి, దివాలా తీస్తే, నష్టంలో సగాన్ని మీ ఉద్యోగం జీతంలోంచి కూడా తీసేసి చూపించుకోవచ్చు. 20,000 పోతే 10,000 మీద పన్ను తగ్గుతుంది. కాగితం లేకుండా చేతికిచ్చిన డబ్బుకి మాత్రం ఇది నిరూపించడం కష్టం. అందుకే ఫ్రెండ్‌కైనా సరే, షేర్ సర్టిఫికెట్ తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

గ్రాంట్లు: ముందు ఫోన్, తర్వాతే పని

రెండో డబ్బాలో అందరికంటే పేరున్నది ‘ఐరాప్’. నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నడిపే ఈ సాయం 1962 నుంచీ ఉంది. కెనడాలో నమోదైన, లాభం కోసం నడిచే, 500 మందికి మించని సంస్థలకి ఇస్తారు. తిరిగి కట్టక్కర్లేదు. ఎక్కువగా జీతాల ఖర్చులో కొంత భాగం ఇస్తారు.

దీని పద్ధతి మన ప్రభుత్వ పథకాల్లా ఉండదు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి ఎదురుచూడటం కాదు. ముందు ఫోన్ చేయాలి. మీకో ఇండస్ట్రియల్ టెక్నాలజీ అడ్వైజర్‌ని కేటాయిస్తారు. ఆయన మీ కంపెనీని, టీంని, ప్లాన్‌ని అర్థం చేసుకుని నమ్మకం కుదిరితేనే ప్రపోజల్ రాయమంటారు. ఒప్పందం కుదరకముందు పెట్టిన ఖర్చుకి పైసా రాదు. ‘పని మొదలెట్టేద్దాం, డబ్బు తర్వాత చూద్దాం’ అనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఇచ్చేది కూడా మీరు ఖర్చు పెట్టి బిల్లు చూపించాకే. అంటే మొదటి నెల జీతాలకి డబ్బు మీ జేబులో ఉండాల్సిందే.

ఐరాప్, ష్రెడ్ రెండూ తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. కానీ ఒకే డాలర్‌కి రెండుసార్లు రాదు. ఐరాప్ ఇచ్చిన 40,000ని ష్రెడ్ ఖర్చులోంచి తీసేసి, మిగిలిన దానికే క్రెడిట్ లెక్కిస్తారు.

స్టూడెంట్లని పనిలో పెట్టుకునే కంపెనీలకీ సాయం ఉంది. ‘కెనడా సమ్మర్ జాబ్స్’ కింద 50 లేదా అంతకంటే తక్కువ మంది ఉన్న ప్రైవేటు సంస్థలకి, ఆ రాష్ట్ర కనీస వేతనంలో సగం దాకా ఇస్తారు. వయసు 15 నుంచి 30. అయితే పౌరులు, పీఆర్ ఉన్నవాళ్లు, శరణార్థులుగా రక్షణ పొందినవాళ్లే అర్హులు. స్టడీ పర్మిట్ మీదున్న మన పిల్లలకి ఇది వర్తించదు. యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్న అంతర్జాతీయ విద్యార్థులకి ‘మైటాక్స్’ ఇంటర్న్‌షిప్‌లు మాత్రం తెరిచే ఉంటాయి. అక్కడ ఖర్చు కంపెనీ కొంత, మైటాక్స్ కొంత భరిస్తాయి. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ లాంటి ‘రెడ్ సీల్’ పనులు నేర్చుకునే అప్రెంటిస్‌ని పెట్టుకుంటే, మొదటి రెండేళ్లు జీతంలో 10 శాతం, ఏడాదికి 2,000 డాలర్ల దాకా పన్ను క్రెడిట్ వస్తుంది.

అప్పుని అప్పులాగే చూడండి

టిఫిన్ సెంటర్‌కి గ్రాంటు వస్తుందా? ఎక్కువమంది అడిగేది ఇదే. నిజం చెప్పాలంటే ఇడ్లీ పాత్రకీ, గ్రైండర్‌కీ ఊరికే డబ్బిచ్చే కేంద్ర పథకాన్ని ఆశించొద్దు. కానీ ‘కెనడా స్మాల్ బిజినెస్ ఫైనాన్సింగ్ ప్రోగ్రాం’ ఉంది. ఏడాదికి కోటి డాలర్ల లోపు అమ్మకాలున్న వ్యాపారానికి మొత్తం 11.5 లక్షల డాలర్ల దాకా బ్యాంకు అప్పు ఇస్తుంది. నిబంధనలకు లోబడి, అప్పు మునిగితే బ్యాంకుకి వచ్చే నష్టంలో 85 శాతం సర్కారు భరిస్తుంది. ఆ ధైర్యంతోనే చరిత్ర లేని కొత్త వ్యాపారికి బ్యాంకు తలుపు తెరుస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం ఉంటుంది. ఇక్కడ హామీ బ్యాంకుకి, మీకు కాదు. మీ అప్పు మీదే.

18 నుంచి 39 ఏళ్ల వాళ్లకి ‘ఫ్యూచర్‌ప్రెన్యూర్’ సంస్థ, ప్రభుత్వ బ్యాంకు బీడీసీతో కలిసి 75,000 డాలర్ల దాకా అప్పిస్తుంది. దాంతోపాటు దారి చూపే మెంటర్‌ని కూడా ఇస్తుంది. పీఆర్ లేదా పౌరసత్వం ఉండాలి.

ఇక కొవిడ్ టైంలో ‘సెబా’ అప్పు తీసుకున్నవాళ్లు. 60,000 తీసుకుని 2024 జనవరి 18లోపు 40,000 కట్టినవాళ్లకి మిగతా 20,000 మాఫీ అయింది. ఆ తేదీ దాటినవాళ్లకి అది 5 శాతం వడ్డీతో మామూలు అప్పుగా మారింది. మొత్తం తీర్చడానికి ఆఖరి తేదీ 2026 డిసెంబరు 31. ‘ప్రభుత్వ డబ్బే కదా’ అని వదిలేస్తే అది వదలదు.

ఈ వారంలోనే చేయాల్సినవి

* మీ కంపెనీ ఆర్థిక సంవత్సరం ఏ తేదీన ముగుస్తుందో చూడండి. దానికి 18 నెలలు కలిపి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి. మూడు నెలల ముందు ఇంకో రిమైండర్.

* ప్రయోగాల పని చేసేవాళ్లు వారానికోసారి ఎన్ని గంటలు దేనికి పెట్టారో రాసే షీట్ ఒకటి మొదలెట్టండి. ఐదు నిమిషాల పని.

* బిల్లులు ఫోటో తీసి క్లౌడ్‌లో పెట్టండి. ఆ పన్ను సంవత్సరం ముగిశాక ఆరేళ్ల దాకా దాచాలి.

* షేర్లలో ఎవరి వాటా ఎంత, వాళ్లు ఎక్కడ నివసిస్తున్నారు? ఇన్వెస్టర్ కాగితం మీద సంతకం చేసేముందు ఒకసారి చూసుకోండి.

* ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ‘బిజినెస్ బెనిఫిట్స్ ఫైండర్’ అనే ఉచిత టూల్ ఉంది. మీ రాష్ట్రం, మీ రంగం చెబితే సరిపోయే పథకాల జాబితా ఇస్తుంది. ఆ జాబితా కోసం ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

* ‘గ్రాంటు గ్యారంటీ, ముందు 500 పంపండి’ అన్నవాణ్ని వెంటనే బ్లాక్ చేయండి. గ్రాంటుకి గ్యారంటీ ఇవ్వగలిగేవాడు కెనడాలోనే లేడు.

చివరగా ఒక్క మాట. ఈ పథకాల్ని నమ్ముకుని వ్యాపారం మొదలుపెట్టొద్దు. కొనేవాడు లేని వస్తువుని ఏ క్రెడిటూ కాపాడలేదు. కానీ ఎలాగూ కష్టపడుతున్నారు, ఎలాగూ ఖర్చు పెడుతున్నారు. అందులో చట్టప్రకారం మీకు రావాల్సిన వాటాని రాత్రి పూట ఒక గంట ఓపిక చేసుకోలేక వదిలేయకండి. కెనడాలో ఉన్న మీ అన్నయ్యకో, క్లాస్‌మేట్‌కో ఇది పంపించి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ కంపెనీ ఇయర్ ఎండ్ ఎప్పుడు?’ సమాధానం వెంటనే రాకపోతే, ఆ క్యాలెండర్ పని ముందు వాళ్లతోనే చేయించండి.